ఖాళీ దెబ్బ

బస్సు డిపోలో డెంటింగ్ మేస్త్రికి మనుషుల మీదకన్నా రేకుల మీద నమ్మకం ఎక్కువ. రేకు సొట్టపడితే వెనకనుంచి ఇనపదిమ్మె ఆనించి, ముందునుంచి చెక్క సుత్తితో తట్టి తట్టి మళ్లీ దారికి తేవచ్చు. మనిషి సొట్టపడితే తట్టినకొద్దీ ఇంకా లోపలికే పోతాడని ఆయన సిద్ధాంతం. పెళ్లయిన కొత్తలో నా తమ్ముణ్ణి చూశాకే ఈ సిద్ధాంతం పుట్టింది అని ఆయన భార్య అంటుంది. అందులో అబద్ధం లేదు.

వారమంతా బస్సుల ఒళ్లు తట్టే ఆ చేతులే సెలవు రోజున పెద్ద డ్రమ్ము తట్టేవి. ఊరి ఫుట్‌బాల్ మైదానానికి తూర్పువైపున రేకుల స్టాండు ఉంది. కూర్చోవడానికి సిమెంటు మెట్లు, నెత్తిన తుప్పుపట్టిన రేకులు, అంతే. వానకి కారుతుంది, ఎండకి పెనంలా కాలుతుంది. టికెట్ చవక కాబట్టి డిపో వాళ్లూ మిల్లు వాళ్లూ కూరగాయల బండ్ల వాళ్లూ అక్కడే చేరతారు. మిగతా మూడు వైపులా కూర్చునేవాళ్లు ఆట బాగుంటే చప్పట్లు కొడతారు, బాగోకపోతే ఫోన్లు చూసుకుంటారు. రేకుల స్టాండుకి అలాంటి వేషాలు తెలీవు. జట్టు చిత్తుగా ఓడుతున్నా అక్కడ పాట ఆగదు. అయితే మేస్త్రి డ్రమ్ము మోగనిదే ఏ గొంతూ లేవకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఆ డ్రమ్ములో ఒక లోటుంది. ఎప్పుడో షెడ్డులో సుత్తి జారి మేస్త్రి కుడిచేతి బొటనవేలు చితికింది. వేలికి కట్టు కట్టుకునే వచ్చి వాయించాడు. నాలుగు దెబ్బలు పడ్డాక అయిదోది కొట్టబోతే ప్రాణం లేచిపోయి చెయ్యి ఆగిపోయింది. ఆగిన ఆ చోట ఎవరో చప్పట్లు కొట్టారు. మళ్లీ ఆగింది, ఈసారి స్టాండంతా కొట్టింది. వేలు బాగుపడింది గానీ అయిదో దెబ్బ తిరిగి రాలేదు. నాలుగు కొట్టి మేస్త్రి కర్రలు రెండూ గాల్లో ఆపుతాడు, ఆ ఖాళీలో వందలాది చేతులు ఒక్కసారిగా కలుస్తాయి, రేకులు దడదడలాడతాయి. దాన్ని వాళ్లు ఖాళీ దెబ్బ అంటారు. బయటి ఊరి జట్లు ఆ చప్పుడికి ఉలిక్కిపడి పాసులు తప్పిన రోజులున్నాయి.

అలాంటి స్టాండుని పడగొడతామన్నారు కొత్త యజమానులు. ఎక్కడో ఓడలు నడుపుకునే కంపెనీ వాళ్లు క్లబ్బుని కొన్నారు. వాళ్లలో ఒక్కడూ ఈ ఊళ్లో వానకి తడిసిన పాపాన పోలేదు. తూర్పువైపున అద్దాల గదులు కడతారట, మెత్తటి కుర్చీల్లో కూర్చుని భోంచేస్తూ ఆట చూస్తారట. రేకుల స్టాండు వాళ్లకి ఉత్తరం మూలన, స్తంభాల వెనక చోటిస్తారట. టికెట్ ధర మాత్రం మూలకి పోదు, పైకే పోతుంది. ఈ సంగతి క్లబ్బు మేనేజరు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూసి మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు డిపో క్యాంటీన్లో టీలు చల్లారిపోయాయి, మనుషులు మాత్రం చల్లారలేదు. స్టోరుకీపరు ఆట ఎప్పుడో చచ్చిందన్నాడు. ఆటగాళ్లు ఏడాదికో చొక్కా మారుస్తారనీ, గోలు కొట్టి గుండె మీది బొమ్మని ముద్దుపెట్టుకున్నవాడే వచ్చే ఏడు పక్క ఊరి బొమ్మని ముద్దుపెట్టుకుంటాడనీ, ఇంకా మనకెందుకీ వెర్రి అనీ వాపోయాడు. ఒకడు మైదానానికి నిప్పు పెడదామన్నాడు. వాడికి అగ్గిపెట్టె కొనుక్కునే ఓపిక కూడా లేదని అందరికీ తెలుసు. స్టాండులో పాట ఎత్తుకునే మనిషి కండక్టరమ్మ. కిక్కిరిసిన బస్సులో ఈ చివరనుంచి ఆ చివరకి వినబడే గొంతు ఆవిడది. ఆవిడ అందరినీ నోరు మూయమంది.

"మూయమనే నేనూ అంటున్నది," అన్నాడు మేస్త్రి. "మనం చెయ్యాల్సింది అదే. నోరు మూసుకోవడం."

ఆయన లెక్క తేలికైంది. క్లబ్బు ఆటలు చూపించే హక్కు టీవీ వాళ్లు కొనుక్కునేది ఆట చూసి కాదు, ఆ పాటి ఆట ప్రతి ఊళ్లోనూ ఉంది. వాళ్లకి కావలసింది రేకుల కింద మోత. మేనేజరే ఒకసారి నోరుజారి ఆ మాట ఒప్పుకున్నాడు. సీజను మొదటి ఆటకి అందరం రావాలి, స్టాండు నిండిపోవాలి, ఆట మొదలైనప్పటినుంచి ముగిసేదాకా కిక్కురుమనకూడదు. గోలు పడినా సరే. టీవీలో శ్మశానం కనపడితే టీవీ వాళ్లే కంపెనీ గొంతు పట్టుకుంటారు, అప్పుడు కంపెనీ మన దగ్గరికి మాట్లాడ్డానికి వస్తుంది. మనకున్న ఆయుధం ఇదొక్కటే అన్నాడు. గోలు పడితే ఎలా ఊరుకుంటామని స్టోరుకీపరు బిక్కమొహం వేశాడు. నాలిక కొరుక్కో అంది కండక్టరమ్మ. అందరూ ఒప్పుకున్నారు.

ఇక మేస్త్రి బావమరిది సంగతి, భార్య చెప్పే ఆ తమ్ముడే. అతను ఎలక్ట్రీషియను. మైదానంలో దీపాలూ మైకులూ స్పీకర్లూ అతని కాంట్రాక్టే. కుర్రతనంలో రేకుల స్టాండులో బావ పక్కనే నిలబడి గొంతు పోయేలా అరిచినవాడే. కాంట్రాక్టు వచ్చాక అటు గట్టున చేరాడు. క్లబ్బు గుర్తున్న చొక్కా వేసుకుని, మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడేసుకుని తిరిగేవాడు. ఆ కార్డుని చూస్తే మేస్త్రికి ఎక్కడ లేని మంట. అయినా సెలవు రోజు మధ్యాహ్నం అక్క చేతి భోజనానికి మాత్రం తమ్ముడు ఠంచనుగా వచ్చేవాడు, కార్డుతో సహా.

ఆ ఆదివారం కూడా వచ్చాడు. అన్నంలో చెయ్యి పెట్టకముందే విషయం ఎత్తాడు. మీ మూగనోము సంగతి ఊరంతా తెలిసిందన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మేస్త్రికి నవ్వు రాలేదు.

వాళ్లిద్దరి వాదన ఇంట్లో కొత్త కాదు. క్లబ్బు అప్పుల్లో మునిగి కింది డివిజనులో దొర్లుతున్నప్పుడు కంపెనీయే ఒడ్డున పడేసిందంటాడు బావమరిది. కాలికి కట్టు కట్టే డాక్టరు కూడా లేని జట్టుకి ఇవాళ సొంత ఆస్పత్రుందంటాడు. రేకులు పట్టుకుని వేలాడితే పైకి ఎప్పుడు పోతామంటాడు. పైకి పోయేది జట్టే గానీ మేం కాదుగా, మమ్మల్ని మూలకి తోసి పైకి పోయే జట్టు ఎవరిదంటాడు మేస్త్రి. మాటకి మాట అతుక్కుంది. మేస్త్రి భార్య మధ్యలో కూర వడ్డించబోతే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఇద్దరూ కలిసి అన్న మాట ఆ పూటకి అదొక్కటే.

బావమరిది మామూలుగా బావని నువ్వనే అంటాడు. కోపం తలకెక్కితే మర్యాద మొదలవుతుంది.

"మీరు తిడతారు బావా. తిడుతూనే చొక్కా కొంటారు, తిడుతూనే టికెట్ కొంటారు," అన్నాడు. "అది వాళ్లకి తెలుసు. మీరు విశ్వాసం అనుకుంటున్నారే, దాన్ని వాళ్లు గిరాకీ అంటారు. ఎంత తన్నినా పోని గిరాకీ. మీరు నోరు మూసుకుని ఉంటారా? పావుగంట ఉండలేరు."

"ఉంటాం."

"ఉండలేరు. నాకు తెలీదా ఆ స్టాండు?"

"తెలిసేది. అమ్ముకోకముందు."

బావమరిది చెయ్యి కంచంలో ఆగిపోయింది. అతని మొహం ఎర్రబడింది. అప్పటికి కొన్నాళ్లుగా క్లబ్బు వాళ్లకి మేస్త్రి డ్రమ్ము మీద కన్ను పడింది. కొత్త ద్వారం దగ్గర ఒక అద్దాల బీరువా పెట్టి అందులో దాన్ని ఉంచుతారట, కింద చిన్న దీపం కూడా వెలుగుతుందట. ఆ బేరం మోసుకొచ్చింది బావమరిదే. నా డ్రమ్ము చచ్చాక పెట్టెలో పెట్టుకోండి, బతికుండగా కాదు అని మేస్త్రి అప్పుడే తరిమేశాడు. ఇప్పుడు బావమరిది ఆ మాటే పైకి తీశాడు. అంత నమ్మకం ఉంటే పందెం కాయమన్నాడు.

"కాస్తా," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు మా స్టాండునుంచి ఒక్క చప్పుడు వినపడితే, డ్రమ్ము నా చేతుల్తో తెచ్చి నీ అద్దాల పెట్టెలో పెడతా. వినపడకపోతే ఆ కార్డు తీసి అవతల పారేసి, మళ్లీ మెట్ల మీద కూర్చో."

ఆవిడ గరిటె దించింది. "మీ ఇద్దరికీ నెత్తి మీద ఏమైనా పడిందా?" అంది. బావమరిది సగం అన్నంలో లేచిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చూశాడు. పందెం ఒప్పుకున్నట్టే.

మొదటి ఆట రోజు స్టాండు కిటకిటలాడింది. మేస్త్రి డ్రమ్ముని ఇంట్లో బీరువా మీద పెట్టి ఉత్త చేతుల్తో వచ్చాడు. ముందు వరసలో తన చోట నిలబడితే ఏదో బట్టలు మరిచి వచ్చినట్టుంది ఆయనకి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకసారి జేబులో, ఒకసారి వెనక్కి పెట్టి, చివరికి ముందున్న ఇనప కటకటాని పట్టుకున్నాడు. పక్కన కండక్టరమ్మ రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది. వెనక వరసల వాళ్లంతా అలాగే ఉన్నారు. కొందరు చేతుల మీద కూర్చున్నారు కూడా. అది చూసి చలిగా ఉందా అని మేస్త్రి వేళాకోళం ఆడాడు. కండక్టరమ్మ అప్పటికే మాట మానేసింది.

విజిల్ పడింది. రేకుల స్టాండు ఉలకలేదు, పలకలేదు. ఆ మైదానంలో అలాంటి నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. బంతిని తన్నిన చప్పుడు, బూట్లు గడ్డిని చీల్చిన చప్పుడు, కోచ్ తిట్టే తిట్లు, అన్నీ వినబడ్డాయి. పడమటివైపు మెత్తటి కుర్చీల వాళ్లు కూడా గొంతు తగ్గించి గుసగుసలాడారు. ఆటగాళ్లు మాటిమాటికీ తూర్పుకి తల తిప్పి చూశారు. టీవీ కెమెరా పొడుగాటి చేతి మీద వచ్చి స్టాండు ముందు నిలబడింది. దానికి మూసిన నోళ్లు తప్ప ఏమీ దొరకలేదు. మేస్త్రి ఛాతీ ఉప్పొంగింది. తన పెళ్లిలోనూ ఆయన అంత సంతోషంగా లేడు.

అప్పుడు రేకుల కింద స్తంభాలకి కట్టిన కొత్త స్పీకర్లు గరగరమన్నాయి. డ్రమ్ము మోగింది.

ఒక్క దెబ్బకే అందరికీ తెలిసిపోయింది. ఆ తోలూ ఆ చేతి బరువూ ఇంకెవరివీ కావు. మేస్త్రికి గుర్తొచ్చింది. పోయిన సీజను చివర్లో బావమరిది ఒకరోజు బతిమాలి తీసుకెళ్లాడు. మైకులు సరిచూసుకోవాలి, ఖాళీ స్టాండులో కాసేపు వాయించు బావా అన్నాడు. మేస్త్రి సరదాగా వాయించాడు. పక్షులు లేచిపోతే నవ్వుకున్నాడు కూడా. ఆ వాయింపే ఇది. దాని వెనకనుంచి పాత ఆటల్లో రికార్డు చేసిన పాట సన్నగా లేస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు మేస్త్రి వైపు కళ్లు తిప్పారు. ఆ చూపుల్లో ప్రశ్న ఉంది.

కండక్టరమ్మ ఒక్కతే తెలివి తప్పలేదు. పెదవులు కదపకుండా ఆయన చెవిలో ఊదింది. "కంగారుపడకు మేస్త్రీ. కెమెరా మన మొహాల మీదే ఉంది. మూసిన నోళ్లు చూపించి పాట వినిపిస్తున్నారు. ఊరంతా చూస్తుంది. పరువు పోయేది వాళ్లదే. కదలకుండా ఉంటే చాలు, గెలిచాం."

నిజమే. కంపెనీ తన గొయ్యి తనే తవ్వుకుంది. దొంగపాట పాడించి టీవీలో పట్టుబడిపోయింది. ఇంతకన్నా ఏం కావాలి? మేస్త్రికి ఈలవేసి గంతులెయ్యాలనిపించింది, బిగపట్టుకున్నాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి. ఖాళీ వచ్చింది.

పాట కూడా ఆగింది, స్పీకర్లలో ఆ ఖాళీ నిజంగా ఖాళీగా ఉంది. ఎవరూ లేని స్టాండులో వాయించిన వాయింపు గనక అందులో చప్పట్లు లేవు. వందలమంది చంకల్లో చేతులు ఒక్కసారి కొట్టుకున్నాయి, బయటికి మాత్రం రాలేదు. వాళ్లకి ఆ ఖాళీ సంగతి తెలుసు. అది చేతుల్ని ఎలా లాగుతుందో ఏళ్ల తరబడి ఎరుగుదురు. అందుకే ముందే కట్టేసుకుని వచ్చారు. మేస్త్రికి తెలీదు. ఆ ఖాళీని ఇన్నాళ్లూ ఆయన అటువైపునుంచి మాత్రమే చూశాడు, రెండు చేతుల్లో రెండు కర్రలతో. ఇటువైపు నిలబడి, ఉత్త చేతుల్తో, తన డ్రమ్ము తను వినడం ఆయనకి అదే మొదటిసారి. మేస్త్రికి ఆ సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. డ్రమ్ము ఆయనదాయె.

నాలుగు దెబ్బలు మళ్లీ పడ్డాయి. మేస్త్రి చేతులు కటకటాని వదిలేశాయి.

చప్పట్లు ఒక్క మనిషివే. అంత నిశ్శబ్దంలో అది తుపాకీ పేలినట్టు వినపడింది. కెమెరా గిరుక్కున తిరిగింది. ఎదురుగా పెద్ద తెర మీద మేస్త్రి మొహం, ఎదురెదురుగా ఆగిన ఆయన అరచేతులు, ఇంటి గోడంత కనిపించాయి. కండక్టరమ్మ ఆయన వైపు చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడో ఖాళీకి పదిమంది చేతులు జారాయి, నాలుగో దానికి సగం స్టాండు. ఆ తరవాత ఎవరినీ ఆపడం ఎవరి వల్లా కాలేదు. పాట అందుకున్నారు. ఏడుస్తూ పాడినవాళ్లున్నారు, తిట్టుకుంటూ పాడినవాళ్లున్నారు. స్పీకర్లు ఎప్పుడు ఆపేశారో కూడా తెలీలేదు. పైగా జట్టు గోలు కొట్టింది, గెలిచింది కూడా. ఓడిపోయినా కొంత నయంగా ఉండేది.

బయటికొచ్చాక మెట్ల కింద అందరూ ఆయన్ని చుట్టుముట్టారు. "మేమంతా చేతులు విరగ్గొట్టుకుని కూర్చున్నాం," అంది కండక్టరమ్మ. "నీకేం రోగమొచ్చింది?"

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. ఆ ఖాళీ చప్పట్లు కొట్టేవాళ్ల వైపునుంచి ఎలా ఉంటుందో తనకి తెలీదని చెప్పాలనుకున్నాడు. ఈలోగా స్టోరుకీపరు అన్నీ తెలిసినట్టు అందుకున్నాడు. వాయించి ఇచ్చిందెవరు, మైకు పెట్టిందెవరు అని లెక్కగా అడిగాడు. బావా బావమరుదులు కూడబలుక్కుని స్టాండుని నిలువునా అమ్మేశారన్నాడు. ఎవరో వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగారు. గుండీలు తెగాయి. ఆయన తిరిగి చూడలేదు.

తెల్లారేసరికి టీవీలోనూ పేపర్లలోనూ ఆ మొహమే, ఆ అరచేతులే. రేకుల స్టాండు మనసు కరిగిందనీ, అభిమానులు కొత్త మైదానాన్ని దీవించారనీ మేనేజరు ప్రకటించాడు. కంపెనీ మాట్లాడ్డానికి ఎవరి దగ్గరికీ రాలేదు, వచ్చే అవసరం ఇక లేదు. షెడ్డులో మేస్త్రి పక్కన నిలబడి టీ తాగేవాళ్లు లేకపోయారు. బస్సు రేకు వెనక దిమ్మె పట్టుకోమంటే హెల్పరు పని ఉందని తప్పించుకున్నాడు. ఒక్క చేత్తో దిమ్మె, ఒక్క చేత్తో సుత్తి పట్టుకుని ఆయన రోజంతా ఒకే సొట్ట తట్టాడు. అది తీరుగా రాలేదు.

సెలవు రోజు పొద్దున్నే బీరువా మీదనుంచి డ్రమ్ము దించాడు. భార్య అడ్డం నిలబడింది. పందేలూ పౌరుషాలూ తర్వాత, ముందు వాడితో మాట్లాడమంది. స్టాండు వాళ్లు వెలివేస్తే వెయ్యనీ, అది మీ చేతిలో పెరిగిన వస్తువంది. తమ్ముణ్ణీ మొగుణ్ణీ కలిపి తిట్టింది. మేస్త్రి విన్నాడు. మాటన్నాక మాటే అని మాత్రం అని, డ్రమ్ము భుజానికి తగిలించుకుని వెళ్లాడు. ఆవిడ గుమ్మంలోనే కూలబడింది.

క్లబ్బు కొత్త ద్వారంలో నేల అద్దంలా ఉంది. ఆ నేల మీద డిపో చెప్పులతో నడవడానికి కూడా మేస్త్రికి చిరాకేసింది. అద్దాల బీరువా దగ్గర బావమరిది నిచ్చెనేసుకుని లోపలి దీపం బిగిస్తున్నాడు. బావని చూసి గబగబా దిగాడు. మెడలో కార్డు ఊగింది.

"వద్దు బావా," అన్నాడు. "పందెం నేను ఎత్తేశా. ఇంటికి తీసుకెళ్లిపో. మేనేజరుకి నేను చెప్పుకుంటా."

"తలుపు తియ్యి."

"నన్ను తిట్టు, కొట్టు. ఇది మాత్రం ఇక్కడ పెట్టకు. నాకు చూడ్డానికి బాగోదు."

"తలుపు తియ్యరా."

తీశాడు. మేస్త్రి డ్రమ్ముని లోపల పెట్టి, తోలు మీద ధూళిని అరచేత్తో తుడిచాడు. కర్రలు తగిలించడానికి లోపల రెండు కొక్కేలు కూడా ఉన్నాయి. ఆయన కర్రలు ఇవ్వలేదు. పందెంలో కర్రలు లేవన్నాడు. బావమరిది అడగలేదు. తలుపు మూసి తాళం వేశాడు.

మేస్త్రి వెళ్లిపోవచ్చు. కానీ వారం రోజులుగా బిగబట్టుకున్నది అక్కడ బయటపడింది. ఖాళీ స్టాండులో బతిమాలి వాయించుకున్న రోజే ఇదంతా పన్నావా అని అడిగాడు. నా కూడు తిని నా చేతులకే ఉచ్చు బిగించావా అని అడిగాడు. ద్వారం దగ్గర కాపలావాడు తొంగిచూశాడు.

"లేదు," అన్నాడు బావమరిది. "అప్పుడు నిజంగా మైకుల కోసమే. పందెం కాసినరోజు కూడా నాకు తెలీదు. ఆట ముందురోజు పిలిచి, రికార్డు వేస్తున్నాం, సిద్ధం చెయ్యమన్నారు. చేశా. నా పని అది." బావకి దగ్గరగా వచ్చాడు. "కానీ ఒకటి చెప్పాలి నీకు. సౌండు కంపెనీ వాడు నీ వాయింపు విని, మధ్యలో ఈ ఖాళీ ఏంటి, తప్పులా ఉంది, పాత ఆటల్లో చప్పట్లు తీసి ఇందులో అతికించేద్దాం అన్నాడు. నిమిషం పని. నేను పడనివ్వలేదు బావా. వాడితో పోట్లాడా. అది మా బావ ఖాళీ, అందులో చప్పట్లు స్టాండు కొట్టాలి గానీ మిషను కొట్టకూడదన్నా. ఉద్యోగం పోయినా సరే అన్నా. అంతా అమ్మేశానంటావే, ఆ ఒక్కటీ అమ్మలేదు. నీ కోసం అలాగే ఉంచా."

ఆ మాట నమ్మదగిందే. అతని మొహం చూస్తే తెలుస్తోంది. ఇన్నేళ్లలో అంత నిజం అతను ఎప్పుడూ చెప్పలేదు. మెచ్చుకుంటాడని కాబోలు, బావ కళ్లలోకి చూస్తున్నాడు.

స్పీకర్లలో ఖాళీ నిండి ఉంటే ఎలా ఉండేదో మేస్త్రికి వినపడుతూనే ఉంది. నాలుగు దెబ్బలు, మిషను చప్పట్లు, మళ్లీ నాలుగు దెబ్బలు. చేతుల్ని పిలిచేది అందులో ఏదీ ఉండదు. ఆ సౌండు కంపెనీ వాడి మాట నెగ్గి ఉంటే కటకటా మీద తన చేతులు అలాగే ఉండిపోయేవి.

"పూడ్చనివ్వాల్సిందిరా," అన్నాడు. "పూడ్చి ఉంటే మేం గెలిచేవాళ్లం."

బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ద్వారం పైనున్న టీవీలో క్లబ్బు ప్రకటన మొదలైంది. పెద్ద డ్రమ్ము మోగింది. రెండు దెబ్బలు, మూడు, నాలుగు. కాపలావాడి కుడి చెయ్యి చరవడానికి తొడ మీదనుంచి లేచింది. మేస్త్రి రెండు కర్రలనీ రెండు చేతుల్లో గట్టిగా బిగించి పట్టుకుని బయటికి నడిచాడు.